ఎద్దు ఆగదు... కెమెరాయే అందుకోవాలి!

మహాశివరాత్రి వచ్చిందంటే మేళ్లచెరువుకు కొత్త కళ వచ్చేస్తుంది. ఒకప్పుడు నల్గొండ జిల్లాలో, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో శంభులింగేశ్వరస్వామి స్వయంభువుగా వెలిశాడని భక్తుల నమ్మకం. లింగం పైభాగాన ఉన్న చిన్న గుంటలో నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుందని చెబుతారు. స్వామి దర్శనం ఒక ఎత్తయితే, ఎద్దుల బండలాగుడు పోటీలు మరో ఎత్తు. రాత్రయితే విద్యుద్దీపాల ప్రభలు. ఇంత సందడిని ఫొటోల్లో బంధించాలని ఎవరికి మాత్రం ఉండదు! అందుకే ఇలాంటి జాతరల్లో మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకున్న కుర్రాళ్లు తప్పకుండా కనిపిస్తారు.

ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చూసుకున్నప్పుడే అసలు సంగతి తెలిసేది. ఎద్దుల కాళ్లు అలికేసినట్టుంటాయి. మల్లెపువ్వులాంటి ఒంగోలు గిత్త బూడిదరంగులోకి మారిపోయి ఉంటుంది. ప్రభ చూస్తే తెల్లటి వెలుగు ముద్ద! 'అంత డబ్బు పోసి కొన్నాం, దీనికన్నా ఫోనే నయం' అని ఇంట్లో వాళ్ల సణుగుడు సరేసరి. నిజానికి ఇక్కడ తప్పు కెమెరాది కాదు. తన ఎదురుగా ఉన్నది గిత్తో, ప్రభో, పట్టుచీరో దానికి తెలియదు. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ మీద కనిపించే మీటలూ చక్రాలూ అన్నీ ఆ సంగతి దానికి చెప్పడానికే. చెప్పకపోతే అది తనకు తోచిన సగటు లెక్క వేసి ఊరుకుంటుంది. బండ లాగే ఘడియ మళ్లీ రాదు కాబట్టి, ఏ మీట దేనికో జాతరకు బయల్దేరే ముందే తెలుసుకోవడం మేలు.

పేరులోనే ఉంది కిటుకు

ఎస్‌ఎల్‌ఆర్ అంటే 'సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్'. చూడటానికీ, తీయడానికీ ఒకటే కటకం. లోపల 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. కటకం గుండా వచ్చిన కాంతి ఆ అద్దానికి తగిలి పైకి వెళ్లి, పట్టకంలో మలుపులు తిరిగి మీ కంటికి చేరుతుంది. అంటే వ్యూఫైండర్‌లో మీరు చూసేది బొమ్మ కాదు, అసలు దృశ్యమే. బటన్ నొక్కగానే అద్దం టక్కున పైకి లేస్తుంది, వెనక షట్టర్ తెరుచుకుంటుంది, కాంతి సెన్సర్ మీద పడుతుంది. ఆ 'టక్' శబ్దం అదే!

ఇందులో ఓ తమాషా ఉంది. అద్దం పైకి లేచినప్పుడు మీ కంటికి వెళ్లే దారి మూసుకుపోతుంది. అంటే ఏ క్షణాన్నయితే మీరు ఫొటో తీశారో సరిగ్గా ఆ క్షణాన్ని మీరు చూడరు! వ్యూఫైండర్‌లో 'ఆహా' అనిపించిన దృశ్యం కనిపించిందంటే, అది కెమెరాకు దొరకలేదనే అర్థం. అందుకే జరగబోయేదాన్ని ఊహించి నొక్కాలి. చర్నాకోల పైకి లేచినప్పుడు నొక్కితే, ఎద్దులు ముందుకు ఉరికిన క్షణం దొరుకుతుంది.

అదే అద్దం వెనక మరో చిన్న అద్దం ఉంటుంది. అది కొంత కాంతిని కెమెరా అడుగున ఉన్న ఫోకస్ విభాగానికి పంపుతుంది. మన రెండు కళ్లు ఒకే వస్తువును కాస్త తేడాగా చూసి దూరం పసిగట్టినట్టే, ఆ విభాగం కటకం రెండు అంచుల నుంచి వచ్చిన కాంతిని పోల్చి, ఫోకస్ ఎటు జరగాలో, ఎంత జరగాలో ఒక్క దెబ్బలో తేలుస్తుంది. చేతిలో ఇమిడే పాతకాలపు చిన్న డిజిటల్ కెమెరాలకు ఈ ఏర్పాటు లేదు. ముందుకూ వెనక్కూ వెతుక్కునేవి. ఈలోగా ఎద్దులు దాటిపోయేవి.

మెగాపిక్సెళ్ల మాయ

కెమెరా కొనేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న... 'ఎన్ని మెగాపిక్సెళ్లు?' అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే ఈ అంకె మంచి ఫొటోకు చేసే సాయం మాత్రం చాలా తక్కువ.

1975లో కోడాక్ సంస్థ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా సామర్థ్యం 0.01 మెగాపిక్సెల్. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టింది. అక్కణ్నుంచి 2003లో కెనన్ 300డీ, 2004లో నైకాన్ డీ70 వచ్చేనాటికి ఆ సంఖ్య 6 మెగాపిక్సెళ్లకు చేరింది. మామూలు కుటుంబాలు, చిన్న స్టూడియోల వాళ్లు కూడా ఎస్‌ఎల్‌ఆర్ వైపు చూసింది వీటితోనే.

6 మెగాపిక్సెళ్లంటే ఎంత? అడ్డంగా సుమారు 3,000, నిలువుగా 2,000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు వేస్తే 10 అంగుళాల వెడల్పు వస్తుంది. 250 లెక్కన అయితే 12 అంగుళాలు. గోడకు తగిలించుకునే పటానికి అంతకన్నా ఏం కావాలి! ఈ రోజు 24 మెగాపిక్సెళ్ల కెమెరా అంటే నాలుగింతలు అనిపిస్తుంది కానీ, పటం వెడల్పు పెరిగేది రెండింతలే.

అసలు చూడాల్సింది ఆ చుక్కలన్నీ ఎంత జాగాలో ఉన్నాయన్నది. పాత చిన్న కెమెరాల సెన్సర్ చాలావాటిలో 6 మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండేది కాదు. మామూలు ఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ సుమారు 22 నుంచి 24 మిల్లీమీటర్లు. 'ఫుల్ ఫ్రేమ్' అయితే 36. వాన పడుతున్నప్పుడు ముంగిట్లో గ్లాసు పెడితే పట్టే నీళ్లకూ, గంగాళం పెడితే పట్టే నీళ్లకూ తేడా లేదూ! కాంతి విషయంలోనూ అంతే. మసక వెలుతురులో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బండ కదిలే వేళ...

బండలాగుడు పోటీల్లో ఎద్దులకు వాటి పళ్లను బట్టి విభాగాలుంటాయి. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి ఇలాగన్నమాట. ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నదే లెక్క. తలలు వంచి, గిట్టలు నేలకు తన్నిపెట్టి, ఎద్దులు ఒక్క ఊపున కదులుతాయి. ఇక్కడ చక్రాన్ని 'షట్టర్ ప్రయారిటీ'కి తిప్పండి. కెనన్‌లో 'టీవీ' అనీ, నైకాన్‌లో 'ఎస్' అనీ ఉండేది అదే. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో మీరు చెబుతారు, మిగతాది కెమెరా చూసుకుంటుంది.

ఎద్దు గిట్ట సెకనుకు 3 మీటర్ల వేగంతో కదులుతోందనుకోండి. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే, ఆ కాస్త సమయంలో గిట్ట 5 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఫొటోలో కాళ్లు అలికినట్టు కనిపించేది అందుకే. అదే సెకనులో 1,000వ వంతు పెడితే గిట్ట జరిగేది 3 మిల్లీమీటర్లే. లేచిన మట్టిపెళ్లలు కూడా గాల్లో నిలబడిపోతాయి. మాఘమాసపు మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 200 పెట్టుకున్నా ఈ వేగం హాయిగా దొరుకుతుంది.

దీంతోపాటు ఫోకస్‌ను 'కంటిన్యువస్' పద్ధతికి మార్చాలి. కెనన్‌లో దీన్ని 'ఏఐ సర్వో' అంటారు. ఎద్దులు మీవైపు వస్తున్నకొద్దీ ఫోకస్ వాటి వెంటే వస్తుంది. ఫోకస్ చుక్కల్లో నడిమిది సాధారణంగా అన్నిటికన్నా చురుకైనది, దాన్నే ఎంచుకోండి. వరసగా ఫొటోలు తీసే సదుపాయమూ ఉంది కానీ, దాన్నే నమ్ముకోవద్దు. తొలినాళ్ల చవక ఎస్‌ఎల్‌ఆర్‌లు సెకనుకు రెండున్నర, మూడు ఫొటోలకు మించి తీయలేకపోయేవి. పైగా నాలుగైదు తీశాక కార్డులోకి ఎక్కించుకునేదాకా ఆగిపోయేవీ ఉన్నాయి. సరైన సమయానికి నొక్కిన ఒక్క నొక్కు గుడ్డిగా తీసిన పదింటికి సమానం.

ఒక్క జాగ్రత్త... బరి లోపలికి వెళ్లి తీయాలనే ఉబలాటం వద్దు. ఎద్దుల ముఖాన ఫ్లాష్ అసలే వద్దు. బెదిరిన ఎద్దుకు ఫొటోగ్రాఫరూ ఒకటే, పక్కనున్న పిల్లాడూ ఒకటే. దూరం నుంచి తీసే జూమ్ కటకాలు ఉన్నది ఇందుకే. సెన్సర్ ఫిల్ము కన్నా చిన్నది కావడం ఇక్కడ కలిసొస్తుంది. మామూలు నైకాన్ ఎస్‌ఎల్‌ఆర్‌కు 200 మిల్లీమీటర్ల కటకం తగిలిస్తే, పాత ఫిల్ము కెమెరాకు 300 మిల్లీమీటర్లది తగిలించినంత దగ్గరగా కనిపిస్తుంది. కెనన్‌లో అయితే 320.

తెల్ల గిత్త బూడిదగా ఎందుకొచ్చింది?

కెమెరాలోని కాంతి మీటరుకు ఒకటే సూత్రం తెలుసు. లోకంలో ఏ దృశ్యమైనా సగటున నడిమిరకం బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం! చెట్లూ మనుషులూ ఇళ్లూ కలగలిసి ఉన్నప్పుడు ఈ లెక్క సరిపోతుంది. కానీ తెల్లటి ఒంగోలు గిత్త ఫ్రేమంతా నిండితే? 'అమ్మో, వెలుగు ఎక్కువైంది' అనుకుని కెమెరా తగ్గించేస్తుంది. గిత్త బూడిదరంగులోకి వస్తుంది. సున్నం కొట్టిన గుడి గోడ ముందు నిలబెట్టి అమ్మమ్మను తీసినా ఇదే తంతు. గోడ మాసిపోతుంది, అమ్మమ్మ ముఖం నల్లబడుతుంది.

దీనికి విరుగుడు 'ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్'. కూడిక, తీసివేత గుర్తులున్న మీట అదే. తెల్లటిది ఫ్రేము నిండా ఉంటే ప్లస్ 1 దాకా పెంచండి. అంటే కాంతి రెట్టింపు అన్నమాట. నల్లటి ఎద్దో, నల్ల గొంగడి కప్పుకున్న పెద్దాయనో అయితే మైనస్ వైపు తగ్గించండి. తెలుపును పెంచాలి, నలుపును తగ్గించాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా లెక్క ఇదే.

తీశాక వెనక తెరమీద బొమ్మ చూసి మురిసిపోవద్దు. ఎండలో ఆ తెర మోసం చేస్తుంది. 'హిస్టోగ్రామ్' అనే కొండలాంటి గీత చూడండి. ఆ కొండ కుడి అంచుకు గుద్దుకుని నిలబడితే తెల్లటి చోట్లలో వివరాలు పోయినట్టే. ఎడమ అంచుకు గుద్దుకుంటే చీకటి చోట్లు పోయినట్టు. తెల్ల గిత్త ఒంటి ముడతలు కనిపించాలంటే కొండ కుడివైపుకు వాలాలి కానీ, గోడకు గుద్దుకోకూడదు.

ప్రభల వెలుగులో...

పొద్దుగూకింది. ప్రభల దీపాలు వెలిగాయి. ఇక్కడ మీటరు రెండోసారి మోసపోతుంది. ఈసారి తీరు వేరు. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి ఆకాశం కాబట్టి, చీకటి ఎక్కువైందని కాంతిని పెంచేస్తుంది. దీపాలు కరిగి ముద్దయిపోతాయి. మధ్యాహ్నం గిత్తకు ప్లస్ పెట్టినవాళ్లు ఇప్పుడు ప్రభకు మైనస్ 1, అవసరమైతే మైనస్ 2 పెట్టాలి. అన్నిటికన్నా మంచి సమయం సూర్యాస్తమయం తర్వాత మొదటి అరగంట. ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉంటుంది, దీపాలూ వెలుగుతుంటాయి.

కెమెరాతోపాటు వచ్చే 18-55 కటకం జూమ్ చివర్లో ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకం అంతకు తొమ్మిది రెట్లకు పైగా కాంతిని లోపలికి వదులుతుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కిటికీ పెద్దదవుతుందని గుర్తు పెట్టుకుంటే చాలు. ఎస్‌ఎల్‌ఆర్ కటకాల్లో బాగా చవకగా దొరికేవాటిలో ఇదొకటి. రాత్రిపూట కొత్త కెమెరా కన్నా ఈ చిన్న కటకమే ఎక్కువ సాయపడుతుంది.

ఐఎస్ఓను 1600 దాకా పెంచితే చీకట్లోనూ చేతితో పట్టుకుని తీయొచ్చు. అయితే పెంచేకొద్దీ రవ్వ చల్లినట్టు చుక్కలు వస్తాయి. రావనీయండి. చుక్కలున్నా స్పష్టంగా వచ్చిన ఫొటోను చూడొచ్చు, నున్నగా ఉండి కదిలిపోయిన ఫొటోను ఎవరూ చూడరు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలది కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. మరీ వేగంగా తీస్తే కొన్ని ఆరిపోయినట్టు, ఫొటోకు అడ్డంగా చారలు పడ్డట్టు వస్తుంది. సెకనులో 50వ వంతు పెడితే ఈ బెడద ఉండదు.

ఇక రంగుల సంగతి. నూనె దీపం వెలుగు పసుపు, ఎర్రల కలయిక. దాని వర్ణ ఉష్ణోగ్రత సుమారు 1,900 కెల్విన్లు. పాత గుండు బల్బుది 2,800 దాకా, మధ్యాహ్నపు ఎండది 5,500. 'వైట్ బ్యాలెన్స్' మీటతో కెమెరాకు చెప్పేది ఇదే. ఆటోలో వదిలేస్తే దీపపు బంగారు ఛాయను కూడా కడిగేసి తెల్లగా చేసే ప్రమాదం ఉంది. 'డేలైట్' గుర్తు పెడితే ఆ వెచ్చదనం మిగులుతుంది. కెమెరా నెత్తిన లేచే చిన్న ఫ్లాష్ వెలుగు పోయేది నాలుగైదు మీటర్లే. ఎత్తయిన ప్రభకు అది ఏమాత్రం ఆనదు. గర్భాలయాల్లో ఎలాగూ కెమెరా పనికిరాదు. మండపంలోనైనా అడిగి తీయడమే మర్యాద.

మరి ఫోను చాలదా అంటారా? కదలని దృశ్యానికి చాలానే బాగుంటుంది. ఇవాళ్టి ఫోన్లు అరక్షణంలో అనేక ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతాయి. పాత ఎస్‌ఎల్‌ఆర్‌కు ఆ విద్య రాదు. దూరంగా, వేగంగా కదిలేదాన్ని పట్టుకోవడంలో మాత్రం పెద్ద సెన్సర్, పొడుగాటి కటకం ఇంకా తమ సత్తా చూపిస్తాయి.

'రా'లో తీస్తే మేలు

కెమెరా 'జేపెగ్' ఫొటో ఇచ్చిందంటే వంట చేసి వడ్డించినట్టు. 'రా' ఫైలు ఇచ్చిందంటే కూరగాయలు చేతికిచ్చినట్టు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. 12 బిట్ల రా ఫైలులో 4,096. వైట్ బ్యాలెన్స్ తప్పినా, గిత్త కాస్త నల్లబడినా రా ఫైలులో సరిదిద్దుకోవచ్చు. ఫైలు బరువు ఎక్కువ, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మళ్లీ దొరకని సందర్భాలకు ఆ శ్రమ దండగ కాదు. ఎన్ని మెట్లున్నా కదిలిపోయిన ఫొటోను, ఫోకస్ తప్పిన ఫొటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

దుమ్ముందే... అదే శత్రువు

మేళ్లచెరువు ప్రాంతం సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. ఎద్దుల గిట్టల కింద లేచే దుమ్ములో కటకం విప్పి మార్చారంటే, ఆ దుమ్ము నేరుగా సెన్సర్ గదిలోకి పోతుంది. అప్పట్నుంచి ప్రతి ఫొటోలో ఆకాశం మీద మచ్చలే! 2003లో ఒలింపస్ ఈ-1, 2006లో కెనన్ 400డీ సెన్సర్‌ను వణికించి దుమ్ము దులిపే ఏర్పాటుతో వచ్చాయి. అయినా అది పొడి దుమ్ముకే. పోటీ మొదలవకముందే కావలసిన కటకం తగిలించుకుని, అయ్యేదాకా విప్పకండి. నోటితో ఊదడం, చీరకొంగుతో తుడవడం అసలే వద్దు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి.

పాతది కొంటుంటే...

2020 తర్వాత కెనన్, నైకాన్‌ల నుంచి కొత్త డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ రాలేదు. ఆ సంస్థల దృష్టంతా అద్దం లేని కెమెరాల మీదికి మళ్లింది. దాంతో ఒకనాడు అందని పండ్లయిన కెమెరాలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. నేర్చుకునే పిల్లలున్న ఇంటికి ఇది మంచి అవకాశమే, మోసపోకుంటే. మొదట 'షట్టర్ కౌంట్' అడగండి. అది వాహనానికి కిలోమీటర్ల మీటరు లాంటిది. నైకాన్ డీ300 షట్టర్‌ను 1,50,000 నొక్కులకు, డీ3ని 3,00,000 నొక్కులకు పరీక్షించామని ఆ సంస్థ చెప్పింది. చవక నమూనాల షట్టర్ అంతకన్నా ముందే అరగొచ్చు. తర్వాత ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి మచ్చలున్నాయేమో చూడండి. కటకంలోకి టార్చి వేసి బూజు వెతకండి. వానాకాలంలో సంచిలోనే ఉండిపోయిన కటకాలకు బూజు పట్టడం మామూలే. చివరగా ఫోకస్ పరీక్ష. గోడకున్న క్యాలెండర్‌లో ఒక అంకె మీద ఫోకస్ చేసి తీసి, పెద్దది చేసి చూడండి.

గాజు పలకలు మిగిలాయి... మరి కార్డులు?

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియోలో తయారైన గాజు నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. నూరేళ్లకు పైబడినా నాటి హైదరాబాద్ కళ్లకు కడుతోందంటే కారణం అవే. తెలంగాణ పల్లె బతుకునూ, బతుకమ్మనూ ఏళ్ల తరబడి చిత్రించిన భరత్ భూషణ్ 2022లో వెళ్లిపోయారు. ఆయన ఫొటోలు మిగిలాయి. మన ఇళ్లలో మాత్రం పదేళ్ల కిందటి పెళ్లి ఫొటోలు పాడైన హార్డ్ డిస్కులో, పోగొట్టుకున్న కార్డులో ఉండిపోయాయి!

కార్డులోంచి రెండు చోట్లకు ఎక్కించేదాకా ఒక్క ఫొటో కూడా తుడవకండి. ఆ రెంటిలో ఒకటి వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. ఏడాదికోసారి తెరిచి చూడండి. బాగా వచ్చిన పదింటిని స్టూడియోలో ప్రింటు వేయించి ఆల్బమ్‌లో పెట్టండి. వెనకాల తేదీ, ఊరు, ఎడ్ల యజమాని పేరు పెన్సిల్‌తో రాయండి. వీలైతే ఆ యజమానికీ ఒక ప్రింటు ఇచ్చి రండి. తన ఎడ్ల జత బండ లాగుతున్న పటం ఆయన ఇంట్లో గోడకెక్కుతుంది.

మరి వచ్చే శివరాత్రికి సిద్ధమేనా? అప్పటిదాకా ఆగనక్కర్లేదు. వీధిలో పోయే సైకిళ్ల మీద షట్టర్ వేగం, పెరట్లో తెల్ల ఆవు మీద ప్లస్సు, సంధ్యాదీపం మీద మైనస్సు సాధన చేయండి. అన్నట్టు, బయల్దేరే ముందురోజు రాత్రి బ్యాటరీ ఛార్జింగ్ పెట్టడం మాత్రం మరవకండి!